పని మానిన పిల్లగాని వెనుక ఎవరున్నరు?



డిగ్రీ చదివే మన పిల్లగాడు పార్ట్ టైం పని మానేస్తే ఊర్లో రెండు మాటలు వినబడతయి. అగ్రకులాల అరుగుల మీద "వీళ్లకు పని చేతకాదు" అంటరు. మన వాడలో "చేతికొచ్చే నాలుగు పైసలు కాలదన్నుకున్నడు" అంటరు. రెండూ తప్పేనని మేమంటున్నాం. అది సోమరితనం కాదు. చదువు నిలబెట్టుకునేందుకు చేసే ఆఖరి ప్రయత్నం.

పని మానకముందు ఆ పిల్లగాని రోజు ఎట్లుంటదో చూడండి. హన్మకొండలో మేమెరిగిన ఒక మాదిగ విద్యార్థి సంగతి ఇది. తల్లి కైకిలికి పోతది, తండ్రి హమాలీ. కొడుకు బి.కాం. రెండో ఏడు. పొద్దుగాల నాలుగింటికి లేచి టిఫిన్ సెంటరుకు పోవాలె. చట్నీ రుబ్బాలె, ఇడ్లీలు పొయ్యి మీదికి ఎక్కించాలె. మొదటి వారం అదే పని. తర్వాత ఓనరు "మీరేమిటోళ్లు?" అని అడిగిండు. చెప్పిన మర్నాటి నుంచి పిండి కాడి నుంచి తీసి ఎంగిలి ప్లేట్ల కాడ నిలబెట్టిండు. కూలి మారలేదు, కులం తెలిసిందంతే!

తొమ్మిదిన్నరకు విడిచిపెడతరు. గదికి పోయి చొక్కా మార్చుకొని కాలేజీకి చేరేసరికి రెండో పీరియడు నడుస్తుంటది. హాజరు పోయినట్టే. మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతపడతయి. సాయంత్రం లైబ్రరీలో కూసుందామంటే తెల్లారి మళ్ల నాలుగింటికి లేవాలె. నెలకొచ్చే 6,000 రూపాయలు గది కిరాయికి, తిండికి, బస్సు పాసుకే సరి. మూడో సెమిస్టరులో హాజరు తక్కువైందని కాలేజీ వాళ్లు చెప్పిన్రు. అప్పుడు మానిండు పని.

అసలు పనికి ఎందుకు చేరిండు? స్కాలర్‌షిప్పు సమయానికి రాక. స్కాలర్‌షిప్పు కావాలంటే 75 శాతం హాజరుండాలె. పనిచేస్తే హాజరు పోతది. పని మానితే తిండి పోతది. బాకీ పడ్డది సర్కారు, శిక్ష పిల్లగానికి! ఇదెక్కడి న్యాయం?

కాగితాల మీద లోటేమీ లేదు. ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు ఐదేండ్లకు 59,048 కోట్లని 2020 డిసెంబరులో కేంద్రం ప్రకటించింది. నూటికి 60 పాళ్లు కేంద్రానివి, 40 రాష్ట్రానివి అన్నది. అయినా 2025 నవంబరులో ఫీజు బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్‌కు దిగినయి. యాజమాన్యాలకు సంఘముంది, సర్కారుతో చర్చలకు కూసున్నయి. గది కిరాయి కట్టలేని పిల్లగాడు ఎవరి మీద బంద్ పెట్టాలె?

బాబాసాహెబ్ కూడా చదువు కోసం ఉద్యోగం వదిలిన మనిషే. బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరి పైసా పైసా కూడబెట్టిండు. 1920లో ఆ కొలువు వదిలి మళ్ల లండన్ పోయిండు. ఆయన పట్టుదల గురించి సభల్లో అందరం చెప్పుకుంటం. ఆయన వెనుక కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భటేనా ఇచ్చిన అప్పు ఉన్నయని కూడా చెప్పుకోవాలె. అంతటి మనిషికే ఆసరా కావలసి వచ్చింది. మన పిల్లలకు ఒట్టి పట్టుదల చాలునా?

అందుకే ప్రతి ఊరి సంఘం మూడు పనులు చేయాలె. ఒకటి, స్కాలర్‌షిప్పు రాని పిల్లల పేర్లు నెలనెలా రాసి, జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారికి ఇచ్చి, ముద్రేసిన రసీదు తీసుకోవాలె. రెండు, సర్కారు బాకీ ఉన్నన్ని రోజులు హాజరు పేరు మీద స్కాలర్‌షిప్పు ఆపొద్దని అడగాలె. మూడు, ఏప్రిల్ 14 జయంతికి డీజేలకు, ఫ్లెక్సీలకు పెట్టే చందాలో సగం పరీక్షల నెలల కోసం పక్కన పెట్టాలె. ఇది దానం కాదు, సర్కారు బాకీ తీర్చేదాకా చేబదులు. ఆ బాకీ అడిగే హక్కు వదులుకునేది లేదు.

పని మానిన పిల్లగాన్ని "ఎందుకు మానినవు?" అని అడగకండి. "పరీక్షలెప్పుడు బిడ్డా, ఎన్ని పైసలు కావాలె?" అని అడగండి.

జై భీమ్!