మిల్లీమీటరుకు రెండున్నర పవర్

1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా జనం కళ్లు పరీక్షించింది. హైదరాబాదు నగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెలతో పాటు, కాస్త కలిగిన పల్లెలకు నమూనాగా పశ్చిమ గోదావరిని ఎంచుకుంది. ఏలూరు దగ్గరి దెందులూరు అప్పుడు ఆ జిల్లాలోదే. 15 ఏళ్లలోపు పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే మైనస్ పవర్, నూటికి సుమారు ముగ్గురిలో తేలింది.

ఆ తర్వాత అదే సంస్థ పరిశోధకులు దేశంలో వేర్వేరు కాలాల్లో జరిగిన సర్వేలను ఒకచోట పెట్టి లెక్కకట్టారు. నగరాల్లో 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి 1999లో 4.4 శాతం. 2019కి 21.2 శాతం. పెరుగుదల ఇలాగే సాగితే 2050కి 48 శాతం. ఇవి నగరాల అంకెలే. కానీ కంటికి ఊరి పేరుతో పని లేదు, పిల్లవాడి రోజు ఎలా గడుస్తోందన్నదే దానికి లెక్క. దెందులూరు పిల్లవాడు పొద్దున్నే వ్యానెక్కి ఏలూరు బడికి వెళ్లి, స్టడీ అవర్ ముగించుకుని చీకటి వేళకు ఇల్లు చేరితే, అది నగరం పిల్లవాడి రోజే.

కంట్లో జరిగేది ఇదీ. పుట్టినప్పుడు కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లుంటుంది. పెద్దయ్యేసరికి 23, 24కు చేరుతుంది. కార్నియా, లెన్స్ కలిసి బొమ్మను ఎంత దూరంలో నిలుపుతాయో, వెనకనున్న రెటీనా సరిగ్గా అంత దూరంలో ఉండాలి. గుడ్డు అంతకు మించి సాగితే బొమ్మ రెటీనాకు ముందే పడుతుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే దాదాపు రెండున్నర డయాప్టర్ల మైనస్ పవర్ వస్తుంది. అద్దాలు బొమ్మను వెనక్కి జరిపి రెటీనా మీద నిలుపుతాయి. సాగిన గుడ్డును మాత్రం మళ్లీ పొట్టి చేయలేవు.

పొడవు పెరిగేకొద్దీ లోపలి రెటీనా కూడా సాగి పలచబడుతుంది. అది చిరగడం, ఊడిరావడం, నడిబొడ్డున ఉండే మాక్యులా దెబ్బతినడం నడివయసులోనో ఆ తర్వాతో బయటపడతాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2016లో ఇచ్చిన లెక్క చూడండి. కంటి పొడవు 26 మిల్లీమీటర్లలోపు ఉన్నవారిలో 75 ఏళ్లు వచ్చేసరికి అద్దాలతో కూడా సరిచేయలేని చూపు లోపం వచ్చే అవకాశం 3.8 శాతం. 26, ఆపైన ఉంటే 25 శాతం.

అందువల్ల పవర్ ఎంత ఉందన్నదాని కన్నా, ఏ వయసులో మొదలైందన్నది ముఖ్యం. చిన్న వయసులో కన్ను వేగంగా సాగుతుంది, టీనేజి చివరికి చాలామందిలో నిలకడకు వస్తుంది. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. మైనస్ పవర్ పదేళ్ల దాకా ఏడాదికి 0.75 డయాప్టర్లు, పద్నాలుగు దాకా 0.50, పదిహేడు దాకా 0.25 చొప్పున పెరుగుతుందనుకుందాం. ఏడో ఏట మైనస్ 1తో మొదలైన పిల్ల ఇంటర్ పూర్తయ్యేసరికి మైనస్ 6కు చేరుతుంది. వైద్యులు తీవ్ర హ్రస్వదృష్టి అనే గీత అక్కడే ఉంది. అదే మైనస్ 1 పదకొండో ఏట మొదలైతే మైనస్ 3.25 దగ్గర ఆగుతుంది.

ఆ ఆరంభాన్ని ఆలస్యం చేయగలిగేది పగటి వెలుగు. వెలుగును లక్స్ అనే కొలమానంలో కొలుస్తారు. తరగతి గదిలో సాధారణంగా కొన్ని వందల లక్స్ ఉంటుంది. బయట మబ్బు పట్టిన రోజున కూడా పదివేలు, ఎండలో లక్ష దాకా ఉంటుంది. మంచి వెలుగు పడితే రెటీనాలో డోపమిన్ విడుదలవుతుందని, అది కంటిగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని జంతువుల మీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ పెట్టారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బడుల్లో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. దీనికి తిరగేసిన ప్రయోగాన్ని కరోనా చేసింది. చైనాలోనే ఫెయ్‌చెంగ్ నగరంలో 2015-19 మధ్య ఆరేళ్ల పిల్లల్లో 5.7 శాతం దాటని హ్రస్వదృష్టి, ఇళ్లలో కూర్చున్న తర్వాత 2020లో 21.5 శాతంగా నమోదైంది.

మన ఎండల్లో పిల్లల్ని బయటికి ఎలా పంపాలి అంటారు. మిట్టమధ్యాహ్నం పంపనక్కర్లేదు. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం నాలుగున్నరకు కూడా ఆరుబయట వెలుగు గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువే. చిక్కల్లా టైంటేబుల్‌లో ఉంది. డిసెంబరులో ఏలూరులో ఐదున్నర దాటగానే పొద్దుగూకుతుంది. స్టడీ అవర్ ఆ తర్వాత ముగిస్తే ఆ రోజు వెలుగు ఖాతాలో పడేది దాదాపు సున్నా.

హ్రస్వదృష్టి మొదలైపోయాక ఆరుబయట తిరగడం ఒక్కటే చాలదు. అక్కడ వేరే ఉపాయాలు కావాలి. అట్రోపిన్ చుక్కల మందును బాగా పలచన చేసి రాత్రిపూట వేయడం ఒకటి. హాంకాంగ్‌లో 0.05 శాతం మందు వాడిన పిల్లల పవర్ ఏడాదికి 0.27 పెరిగితే, మందు లేని చుక్కలు వేసుకున్నవారిది 0.81 పెరిగింది. మరీ పలచనైన 0.01 శాతం మందు మన దేశంలో జరిగిన పరీక్షలో కొంత పనిచేసింది, 2023లో వచ్చిన అమెరికా పరీక్షలో పనిచేయలేదు. కాబట్టి మోతాదు వైద్యుడే నిర్ణయించాలి, మానేటప్పుడు కూడా ఆయన్నే అడగాలి. రెండోది, మధ్యలో మామూలు పవర్, చుట్టూ వందలాది బుల్లి లెన్సులు ఉండే అద్దాలు. రెండేళ్లలో వీటితో కన్ను 0.21 మిల్లీమీటర్లు, మామూలు అద్దాలతో 0.55 సాగింది. ఖరీదు మామూలు అద్దాల కన్నా చాలా ఎక్కువ.

అద్దాలు పెడితే సైట్ ఇంకా పెరుగుతుందని కావాలనే తక్కువ పవర్ రాయించుకునేవారున్నారు. మలేషియాలో దీన్నే పరీక్షించారు. పూర్తి పవర్ వాడినవారికి రెండేళ్లలో 0.77 పెరిగితే, 0.75 తగ్గించి ఇచ్చినవారికి 1.00 పెరిగింది.

శుక్లం ఆపరేషన్‌కు ముందు తాతగారి కంటి పొడవును మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలుస్తారు, లోపల పెట్టే లెన్స్ పవర్ తేలాలంటే ఆ కొలత తప్పదు గనుక. పక్కన కూర్చున్న మనవడికి అక్షరాల బోర్డు చదివించి చీటీ రాసిస్తారు. యంత్రం ఆ ఆస్పత్రిలోనే ఉంది. ఆరు నెలలకోసారి అదే యంత్రంతో మనవడి కంటినీ కొలిస్తే, ఎంత వేగంగా సాగుతోందో, వేసిన మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

హ్రస్వదృష్టిని ఒక్క డయాప్టరు తక్కువ దగ్గర ఆపగలిగితే, దానివల్ల మాక్యులా దెబ్బతినే ప్రమాదం సుమారు 40 శాతం తగ్గుతుందని 2019లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. పై లెక్కలో ఏడో ఏట మొదలైన కంటికి ఒక డయాప్టరు పెరగడానికి పట్టే కాలం పదహారు నెలలు. చాలా ఇళ్లలో ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య గడిచే ఎడం అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు.