అజ్ఞానము రైతుది కాదు

వాతావరణము మారినదని మన రైతు ఎఱుగడనియు, ఎఱిగినను తాతలనాటి సేద్యమును విడువనొల్లని మొండితనముచేతనే నష్టపోవుచున్నాడనియు, సదస్సులు జరిపి కరపత్రములు పంచినచో అతనికి జ్ఞానోదయము కలుగుననియు చెప్పెడి వాదమొకటి విద్యావంతులలో వేళ్లూనియున్నది. ఇది అసత్యము, అంతకంటె అన్యాయము.

నల్లమల అంచున నున్న యర్రగొండపాలెము చేలను చూడుడు. మృగశిరలో పదును వాన పడక, ఆరుద్ర, పునర్వసు సైతము వట్టిగా గడచి, పుష్యమి వచ్చువఱకు ఆకసమును కనిపెట్టియున్న రైతు, ప్రత్తిగింజలను అటకమీదనే యుంచి కందికి గొఱ్ఱు కట్టును. లోతుగా వేరు తన్ను కంది నడుమ వాన తప్పినను నిలుచునని ఎవరును అతనికి బోధింపలేదు. సజ్జలో కంది సాళ్లు వేసి, ఒకటి పోయినను మరియొకటి చేతికి వచ్చునట్లు చూచుకొనుట అతని పెద్దలనాటి నేర్పే.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది మొదలు, కొఱ్ఱ, సజ్జ వేయుడను ఉపదేశములు మిక్కుటమైనవి. ఉపదేశకులకు తెలియని దొకటి కలదు. ఊరంతయు ప్రత్తి, మిరప వేసినచోట ఒక్కడు రెండెకరముల సజ్జ వేసిన, పిట్టలన్నియు ఆ చేనిమీదనే వ్రాలును. గింజ పాలుపట్టినది మొదలు కోతవఱకు, తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు, మంచెపై మనిషి యుండవలెను. ఆ కూలి యెవరిత్తురు? కొఱ్ఱలను బియ్యము చేయు మర ఊరూర లేదు. కేంద్రప్రభుత్వపు మద్దతుధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి కలవు గాని కొఱ్ఱ లేదు.

కౌలుదారుని స్థితి మరింత దుర్భరము. 2019లో రాష్ట్రము పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసినది. కాని ఆ చట్టముక్రింద కౌలుదారున కిచ్చు సాగుహక్కు పత్రమునకు భూయజమాని సమ్మతి కావలెను, భూమిపై హక్కు పోవునేమోయని యజమాని వెనుదీయును. పత్రము లేనివానికి బ్యాంకు అప్పు దుర్లభము. పురుగుమందుల దుకాణమున తెచ్చిన అప్పును, ముందే చెల్లించిన కౌలును రాబట్టగల మిరపనే అతడు వేయును. దీనిని మొండితనమనుట న్యాయమా? ఇక నీటిమాట: ఈ ప్రాంతపు చేలకు నీరందింపవలసినదై, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగములను 2024 మార్చిలో ప్రారంభించిరి, ఆ యేటి ఖరీఫునకు ఆ నీరు చేలకు రాలేదు.

పాలకులారా, మరియొక సదస్సు జరుపుటకు మునుపు, విత్తుటకు ముందే కొఱ్ఱకు ధరను, కొనుగోలు కేంద్రమును ప్రకటింపుడు. యజమాని సంతకము లేకయే కౌలుదారునకు అప్పిప్పింపుడు.