పులి పేరు చెప్పి బడి ఎగ్గొట్టవద్దు

నల్లమల చెంచుగూడేల్లో సరైన బడి ఎందుకు లేదయ్యా అని అడిగితే వచ్చే జవాబు పాతదే. "ఇది పులుల అడవి, ఇక్కడ కట్టడాలు కుదరవు. బయటికి రండి, బడి, రోడ్డు, ఆసుపత్రి అన్నీ ఇస్తాం." వినడానికి దయగల మాటే. లోతుకు పోతే ఇందులో ఉన్నది దయ కాదు, బేరం.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1983లో అది పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది. ఈ తేదీలన్నిటికీ ముందు నుంచీ చెంచులు అక్కడున్నారు, పులీ ఉంది. పులికి ముప్పు తెచ్చింది తేనె తీసేవాడు, జిగురు ఏరేవాడు కాదు. చర్మానికీ గోళ్లకూ ధర కట్టినవాడు, అడవిని నరికి లాభం తీసినవాడు. అమ్రాబాద్‌లో యురేనియం తవ్వుతామన్నప్పుడు గూడేల జనం వద్దని నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే తవ్వకాలు వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది.

బడికి చట్టం అడ్డమా? కాదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసు చేస్తే బడికీ, అంగన్‌వాడీకీ, మంచినీళ్లకూ ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చంటుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదని హద్దు కూడా పెట్టింది. అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారాన్ని అదే చట్టం గ్రామసభకు ఇచ్చింది. బడీ, పులి కాపలా రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి. కర్ణాటక బిళిగిరిరంగన కొండల పులుల అడవిలో 2011లో సోలిగలకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. అక్కడ పులి మాయం కాలేదు.

జనాన్ని కదిలించాలంటే వాళ్ల ఇష్టం, గ్రామసభ ఒప్పుదల ఉండాలని చట్టం చెబుతోంది. 2021 నుంచి కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. కొందరు వెళ్తామంటున్న మాట నిజమే, వాళ్లను మేము తప్పు పట్టం. కానీ గూడెంలో బడి నడవనివ్వక, రోగమొస్తే దిక్కు లేకుండా చేసి, ఆపైన "మీ ఇష్టమేనా" అంటే అది ఏం ఇష్టం? బిడ్డ చదువును ఎర వేసి తీసుకున్న సంతకం ఒప్పుదల కాదు.

మైదానంలో రైతుకూ కూలీకీ ఈ గొడవెందుకంటారా? ప్యాకేజీ డబ్బు నాలుగేళ్లకు కరిగిపోతుంది. భూమి లేని ఆ కుటుంబం మిరప కోతకు మన పక్కనే వచ్చి నిలబడుతుంది. ఇచ్చిందే కూలి అంటుంది. అప్పుడు భూస్వామి మనందరి కూలీ తగ్గిస్తాడు. చెంచు నిలదొక్కుకుంటే మన కూలీ నిలబడుతుంది.

గూడెంలో బడంటే ఒక గది, ఒక పంతులు. ఆయన రాని రోజు బడే లేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. గూడెం మాట, గూడెం బతుకు తెలిసిన పంతులు దొరికే దారి దాంతో ఇరుకైంది. చెట్టూ పిట్టా, జంతువు అడుగుజాడా పేరుపేరునా తెలిసిన పిల్లలు వాళ్లు. ఆ తెలివికి బడిలో చోటుండాలి. రేపు అడవికి చదువుకున్న కాపలాదారులు కావాలంటే వాళ్లు అక్కడినుంచే రావాలి.

అందుకే మేము అడుగుతున్నాం. కదిలించే మాట ఎత్తేముందు ప్రతి గూడెంలో నడిచే బడి చూపించాలి. స్థానిక గిరిజన యువతకు పంతులు పోస్టులు దక్కేలా ప్రభుత్వాలు కొత్త దారి వెతకాలి. పులి జాడ తీసే చెంచు కాపలాదారులకు నెలనెలా జీతం, ఉద్యోగ భద్రత ఇవ్వాలి. సామూహిక అటవీ హక్కుల పత్రాలు గ్రామసభల చేతికి అందించాలి.

అడవి పక్క పల్లెల కూలీ సంఘాలు, రైతు సంఘాలు ఈ కోర్కెలను తమ మహాసభల్లో తీర్మానం చేయాలి. చెంచుల తరఫున మాట్లాడటం కాదు, వాళ్ల గ్రామసభ పక్కన నిలబడటం మన పని.