పుల్ కన్నా ముందు హిసాబ్

మా ఆపా కొడుకు ఎనిమిదో తరగతి. వాని అబ్బా పోయినసారి దుబాయ్ నుంచి చుట్టీకి వచ్చినప్పుడు ఒక పెద్ద డబ్బా తెచ్చిండు. తెరిస్తే అన్నీ ప్లాస్టిక్ ముక్కలు. ఫౌజ్ వాళ్లు కట్టే బెయిలీ బ్రిడ్జ్ నమూనా, అసలు దాంట్లో 35వ వంతు. "జంగ్ బొమ్మలు ఇంట్ల ఎందుకురా?" అని ఆపా గుస్సా అయింది. "ఇండ్ల బందూకు లేదమ్మీ, పుల్ ఒక్కటే ఉంది" అన్నడు వాడు. ఆ జవాబు నాకు మస్తు నచ్చింది. కరీంనగర్‌లో మా ఇంటి తఖ్త్ మీద నాలుగు ఇత్వార్లు మామూ, భాంజా ఇద్దరం కూర్చొని దాన్ని కట్టినం.

కట్టుకుంట కట్టుకుంట ఆ వంతెన వెనక ఉన్న దిమాగ్ ఏందో కొంచెం సమఝైంది. డొనాల్డ్ బెయిలీ అని ఒక ఇంగ్లండ్ ఇంజనీర్ రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1940-41 ప్రాంతంలో, దీని నఖ్షా గీసిండు. అసలు ముక్క ఒక్కటే: పానెల్ అనే ఇనుప చట్రం. పొడవు 10 అడుగులు, ఎత్తు సుమారు 5 అడుగులు, బరువు దాదాపు 260 కిలోలు. ఆరుగురు మనుషులు మోసుకపోవచ్చు, క్రేన్ అక్కర్లేదు. మామూలు లారీలో పడుతది. పానెల్‌కు పానెల్‌ను లావు పిన్నుతో కలుపుకుంట పోవుడే. ఎక్కువ బరువు మోయాల్నంటే అదే పానెల్‌తో పక్కన ఇంకో వరుస పెట్టాలె, ఇంకా ఎక్కువైతే పైన ఇంకో అంతస్తు. మా బొమ్మలో ఒక్కో పానెల్ పొడవు 9 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దారికి రెండు పక్కలా రెండేసి వరుసలు, మొత్తం 32 పానెళ్లు, 70 సెంటీమీటర్ల వంతెన. అసలు కొలతలో 80 అడుగులు.

మొదటి ఇత్వారే గల్తీ చేసినం. పానెల్‌కు ఒక కొస ఆడ, ఒక కొస మగ. ఒకదాని నాలుక ఇంకోదాని సందులో కూర్చోవాలె. మేం ఒకటి ఉల్టా పెట్టి జిగురు పూసినం. తర్వాతది ఎంత నొక్కినా కూర్చోదు. చివరికి బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. అప్పటి సంది భాంజా ఒక కాపీ పెట్టుకున్నడు. ఏ నంబరు ముక్క వాడినం, ఏది మిగిలింది, అంతా అందులో రాసుడు. "హిసాబ్ ఉంటే గల్తీ దొరుకుతది మామూ" అన్నడు. పదమూడేండ్ల పోరని మాట. నేను ఇరవై ఏండ్లు అఖ్బార్లలో పనిచేసి కూడా అంత సీదాగా ఎన్నడూ రాయలే.

నాలుగో ఇత్వార్ అసలు తమాషా. తఖ్త్‌కు, టేబుల్‌కు నడుమ సందును నాలా అనుకున్నం. తఖ్త్ అంచున గుండ్రటి పెన్సిళ్లు పెట్టి వాటి మీద వంతెనను ముందుకు దొబ్బినం. సగం దాటంగనే ముక్కు మీద పడ్డది. అప్పుడు కిట్‌తో వచ్చిన పుస్తకం సరిగ్గా చదివినం. వంతెన ముందర పలకలు లేని బోలు చట్రం ఒకటి కట్టాలె. దాన్ని ముక్కు అంటరు. అది తేలిక కాబట్టి, అవతలి గడ్డ అందేదాకా బరువంతా ఇవతలి గడ్డ మీదనే ఉంటది. గాలిలోకి పోయిన కొస కిందికి వంగుతది కాబట్టి ముక్కును ముందే కొంచెం పైకి ఎత్తి కడుతరు. అవతల ఆనినంక ముక్కు విప్పేస్తరు. నీళ్లలో ఎవరూ దిగే పని లేదు, నడుమ పిల్లర్ లేదు. రెండోసారి పుల్ దాటింది. అమ్మీ తన సుపారీ డబ్బీ తెచ్చి దాని మీద పెట్టి "మాషా అల్లాహ్" అన్నది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, 2024 జులై 30న వయనాడ్‌లో కొండ విరిగి ముండక్కై, చూరల్‌మల ఊర్ల మీద పడ్డది యాద్ చేసుకోండి. ఉన్న వంతెన కొట్టుకపోయింది. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ జవాన్లు వచ్చి ఆగస్టు 1 సాయంత్రానికి 190 అడుగుల బెయిలీ బ్రిడ్జ్ నిలబెట్టిన్రు. 24 టన్నుల తరగతిది. ముందుండి నడిపించింది మేజర్ సీతా షెల్కే అనే ఆఫీసరు. దేశమంతా వాహ్వా అన్నది, హఖ్ ఉన్న వాహ్వానే. లేకిన్ అందరూ దాన్ని కరిష్మా అన్నరు. అది కరిష్మా కాదు. ముక్కలు ముందే తయారై ఉన్నయ్, నంబర్లు ముందే పడ్డయ్, ఎవరు ఏది మోయాల్నో ముందే తాలీమ్ అయ్యింది. వరద వచ్చినంక చేసింది ఆఖరి పని మాత్రమే.

ఇప్పుడు మన దిక్కు చూడండి. పాత కరీంనగర్ జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద వంతెన 2016లో మొదలైంది. దాదాపు కిలోమీటరు పొడవు, 49 కోట్ల పని. ఎనిమిదేండ్లు నడిచి, 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలి దుమారానికి గడ్డర్లు ఊడి కింద పడ్డయ్. పెండ్లి నుంచి వస్తున్న బస్సు అంతకు కాసేపటి ముందే దాని కింద నుంచి దాటిపోయిందని ఖబర్లలో వచ్చింది. పాత ఆదిలాబాద్‌లో, కాగజ్‌నగర్ నుంచి దహెగాం పోయే తొవ్వలో, పెద్దవాగు మీది అందెవెల్లి వంతెన 2022లో కూలింది. ఇటు కరీంనగర్‌లో అదే మానేరు మీద 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచిన్రు. సాయంత్రమైతే అందరం పోయి సెల్ఫీలు దిగుతం. నేనూ దిగిన, ఝూట్ ఎందుకు చెప్పాలె. ఖూబ్‌సూరత్ వంతెన మీద నాకు షికాయత్ లేదు. లేని వంతెన మీదనే షికాయత్.

నేను రిపోర్టర్‌గా కొత్తగా చేరినప్పుడు ఆసిఫాబాద్ దిక్కు ఒక వానకాలం తిరిగిన. ఒక గూడెం దగ్గర వాగు నడుం దాకా పారుతున్నది. నొప్పులు పడుతున్న ఆడిమనిషిని మంచం మీద పండబెట్టి నలుగురు గోండు పిలగాండ్లు దాటిస్తున్నరు. అంబులెన్స్ అవతలి గడ్డ మీద. ఆ వాగు వెడల్పు మా తఖ్త్ మీది బొమ్మ అసలు కొలతకు పెరిగితే ఎంతనో అంతే, ఎనభై అడుగులు. నేను నాలుగు పేరాల ఖబర్ రాసిన, ఒక ఫొటో పడ్డది. తల్లీబిడ్డ ఖైరియత్‌గానే ఉన్నరు, అల్హమ్దులిల్లాహ్. మరుసటేడు వానకాలం అదే వాగు, అదే మంచం, మనుషులే వేరు. ఈసారి నేను ఫొటో కూడా కొత్తది అడగలే. పాతదే వాడుకున్నం. ఆ షరమ్ ఇంకా పోలే.

నా మాట సీదా. పాత ఆదిలాబాద్ ఏజెన్సీలో వాన పడితే ఏ ఊర్లు తెగిపోతయో కలెక్టరాఫీసుకు తెలుసు, ఆర్టీసీ డ్రైవర్‌కు తెలుసు, ఆశ వర్కర్‌కు తెలుసు. ఆ వాగుల జాబితా ఎండాకాలంలనే బయట పెట్టాలె. ఎనభై, నూరు, నూటయాభై అడుగుల వాగులకు రెండు గడ్డల మీద దిమ్మెలు ముందే కట్టి పెట్టాలె. ఆసిఫాబాద్‌లో, ఉట్నూరులో బెయిలీ ముక్కలు నిల్వ ఉంచాలె. ఆ ఊర్ల జవాన్లకే కట్టే హునర్ నేర్పి కూలి ఇయ్యాలె.

ఎతరాజ్ ఏందో నాకు తెలుసు. మానేరు అసుంటి పెద్ద దర్యాకు ఇది సరిపోదు. నిజమే, నేను చిన్న వాగుల సంగతే మాట్లాడుతున్న. రెండోది ఇంకా పెద్ద ఎతరాజ్: తాత్కాలికమని తెచ్చి పెట్టింది ఇరవై ఏండ్లు అట్లనే ఉంటది, పక్కా వంతెన ఎగబెడుతరు. ఆ డర్ నాకూ ఉంది. అందుకే ప్రతి బెయిలీ పక్కన ఒక బోర్డు ఉండాలె. పక్కా వంతెన ఎప్పుడు మొదలు, ఎన్ని పిల్లర్లు, ఎన్ని గడ్డర్లు, ఇప్పటికి ఎన్ని అయినయ్, జిమ్మేదారీ ఎవరిది. భాంజా కాపీ అసుంటిది. ఓడేడు దగ్గర అసుంటి బోర్డు ఉండి ఉంటే, ఏ ముక్క ఎన్నేండ్లుగా కూర్చోలేదో ఊరి చదువుకున్న పోరడు కూడా అడిగేటోడు.

ఫౌజ్‌ను మౌత్ అయినంక పిలుస్తం. వాళ్లు వచ్చి కడితే ఎహసాన్ అని దండం పెడుతం. నొప్పులు పడే మనిషికి వాగు దాటుడు ఎహసాన్ కాదు, హఖ్. హఖ్‌కు హిసాబ్ ఉంటది.

మా పుల్ ఇప్పుడు టీవీ పక్కన ఉన్నది. ఒక పిన్ను మిగిలింది. అది ఎక్కడిదో ఇంకా దొరకలే. భాంజా కాపీలో దాని నంబరు రాసి, పక్కన సవాల్ గుర్తు పెట్టిండు.