ఎండదెబ్బకు తాలుబోతున్న యాసంగి వరిని ఆదుకోవాలని వినతిపత్రం

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,
కరీంనగర్ జిల్లాలో కాకతీయ కాలువ కింద యాసంగి వరి వేసే రైతులం విన్నవించుకునేది.

అయ్యా,

ఈ పత్రానికి రెండు వరి కంకులు జతచేశాం. పక్కపక్క మడులవి. విత్తనం, ఎరువు, నీళ్లు రెండింటికీ ఒకటే. ఒక కంకి గింజ బరువుకు వంగింది. రెండోది నిటారుగా నిలబడింది. దాని గింజలను గోటితో నొక్కి చూడండి, పొట్టు తప్ప ఏమీ ఉండదు. వంగింది మార్చి రెండో వారంలో ఈనింది, నిలబడ్డది ఏప్రిల్ మొదట్లో. తేడా అంతే.

వరి పువ్వు పొద్దున తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య విచ్చుకుని, గంటసేపట్లో మూసుకుంటుంది. ఆ గంటలోనే సుంకు (పుప్పొడి) రాలితేనే గింజ కడుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తి సరిగా పగలదు, పడ్డ పుప్పొడీ సరిగా మొలకెత్తదు. ఇక ఆ పువ్వు తాలే. సాయంత్రం వాన పడ్డా లాభం లేదు. రాత్రి వేడీ దిగుబడిని దెబ్బతీస్తుంది. పగలు కూడబెట్టుకున్నదాన్ని పైరు రాత్రి ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో అచ్చయ్యాయి. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని అందులో తేలింది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరికి మేలే కదా అని ఒక సమావేశంలో మాతో అన్నారు. ఆకు ఎక్కువ ఆహారం తయారుచేసుకునే మాట నిజమే. కానీ ఆ వాయువు ఎక్కువైతే ఆకు తన రంధ్రాలను కొంత మూసుకుంటుంది, నీటి ఆవిరి తగ్గుతుంది, పైరు ఒళ్లు ఇంకా కాగుతుంది. అది పూతకే చేటు. తిండి సంగతి ఇంకా బాధాకరం. చైనా, జపాన్‌లలో 18 రకాల వరిని అలాంటి గాలిలో పండించి చూస్తే మాంసకృత్తులు సగటున 10, ఇనుము 8, జింకు 5 శాతం తగ్గినట్టు 2018లో తేలింది. రేషన్ బియ్యమే ఆధారమైన ఇళ్లలో పిల్లల కంచం నుంచి పోయేది ఇదే.

ఈ నష్టమంతా మా తప్పుగా లెక్కకొస్తోంది. కొనుగోలు కేంద్రంలో తాలు ఉందని తరుగు తీస్తారు. మిల్లులో నూక ఎక్కువైందని మళ్లీ కోత పెడతారు. మండుటెండలో పండి ఎండిన గింజకు లోపలే సన్నని పగుళ్లు వస్తాయి, పచ్చి బియ్యంగా ఆడిస్తే విరుగుతుంది. ఉప్పుడు బియ్యం వద్దని 2021లో కేంద్రం అన్నప్పుడు రాష్ట్రమంతా చెప్పిన మాట ఇదే. మరి కాంటా దగ్గర అది రైతు నేరం ఎట్లయింది? తరుగు ఆపండి. యాసంగి వడ్లకు ప్రాంతాలవారీగా మరపట్టించి చూసి, నూక నష్టాన్ని ప్రభుత్వమే భరించాలి.

2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు. చనిపోయినవారి కుటుంబాలకు అది ఆసరా, మాకు సంతోషమే. ఆ గుర్తింపు పైరుకూ ఇవ్వండి. లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఊళ్లలో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) ఉన్నారు. ఏ మడి ఏ రోజు ఈనిందో వారు రాసిపెడితే, ఆ రోజు ఎండతో, ఆ రాత్రి వేడితో సరిచూసి పరిహారం, బీమా తేల్చవచ్చు.

అన్నిటికంటే ముందు కావలసింది కాలువ నీళ్లు. విడుదల తేదీ దసరాకే ప్రకటిస్తే నవంబరులో నారు పోసి మార్చి మూడో వారానికి పూత దాటిస్తాం. డిసెంబరు చలికి నారు పసుపు రంగుకు మారి ఎదగదు, అందుకు మడి మీద కప్పే పాలిథిన్ పట్టాలు రాయితీపై ఇప్పించండి. వేడిని తట్టుకునే నాగినా 22 వంటి రకాల గుణాన్ని, ఎండ ముదరకముందే పూత విచ్చుకునే అడవి వరి గుణాన్ని సన్నాల్లోకి తెచ్చిన వంగడాలను రాజేంద్రనగర్‌లోని వరి శాస్త్రవేత్తలు మా మడుల్లోనే పరీక్షించాలి. జింకు ఎక్కువున్న డీఆర్‌ఆర్ ధాన్ 45 వేస్తే అదనపు ధర ఇచ్చి, ఆ బియ్యం బడిపిల్లల భోజనానికి పంపాలి.

వచ్చే యాసంగిలో ఆలస్యంగా నాటిన మడి పూతకు వచ్చినప్పుడు, పొద్దున పదింటికి అధికారులను మా గట్టు మీదికి పంపండి. థర్మామీటరు పట్టుకుని మేం అక్కడే ఉంటాం.

ఇట్లు,
కాకతీయ కాలువ కింది యాసంగి వరి రైతులు