జల్లెడలో మిగిలినది

 

గడచిన నెలలో ఎల్‌బీ నగర్ నుండి ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న ఆ పిల్లవాడు మలబద్ధకంతో బాధపడుతూ తరచుగా పాఠానికి రాలేకపోతున్నాడు. దుఆ చేయమని కోరుతూ ఆమె, "ఇంట్లో తిండికి లోటు లేదు మౌలానా సాబ్! గిర్నీ పట్టించిన పిండిని రెండుసార్లు జల్లించి తెల్లని రొట్టెలు చేస్తాను. చోకర్ గేదెల వారికి ఇచ్చేస్తాను" అన్నారు. మేము దుఆ చేశాము; వైద్యునికి చూపించమనీ చెప్పాము. దిల్‌సుఖ్‌నగర్‌లో పరీక్షించిన వైద్యుడు వేరే జబ్బేమీ లేదనీ, ఆహారంలో పీచు, నీరు పెంచమనీ అన్నారట.

అప్పుడు మేము ఏళ్ల తరబడి బోధిస్తున్న ఒక హదీసు జ్ఞాపకం వచ్చింది. అది సహీహ్ బుఖారీలోని ఆహార ప్రకరణంలో ఉంది. ప్రవక్త కాలంలో జల్లెడలు ఉండేవా అని హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి)ను అడిగారు. దైవప్రవక్త (స) ప్రవక్తగా నియుక్తులైన నాటి నుండి ఇహలోకం వీడేవరకు జల్లెడను చూడనే లేదని ఆయన తెలిపారు. యవలను విసిరి, ఊది, ఎగిరిపోగా మిగిలిన దానిని తడిపి తినేవారమని వివరించారు.

ఈ హదీసు వైద్యశాస్త్ర పాఠం కాదు. ఆనాటి నిరాడంబర జీవనానికి సాక్ష్యం. పిండిని జల్లించడం హరామ్ కూడా కాదు. అయితే మనం గొప్ప కోసం పారవేస్తున్నది ఏమిటో తెలుసుకోవలసి ఉంది.

గోధుమ గింజ బరువులో ఇంచుమించు ఏడో వంతు పొట్టే. అందులో అరాబినోజైలాన్ అనే పీచు అధికం. మన జీర్ణరసాలు దానిని అరిగించలేవు. అది పెద్దప్రేగును చేరి, అక్కడ అల్లాహ్ నివసింపజేసిన కోటానుకోట్ల సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దానిని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. ప్రేగు లోపలి పొరలోని కణాలకు బ్యూటిరేటే ప్రధాన ఇంధనం. పులియక మిగిలిన పీచు మలానికి పరిమాణాన్నిచ్చి సాఫీగా కదిలిస్తుంది. మేలుచేసే సూక్ష్మజీవులకు మేతగా పనికివచ్చే ఇటువంటి పదార్థాలకు శాస్త్రజ్ఞులు 1995లో ప్రిబయోటిక్ అని పేరు పెట్టారు. పెరుగుతో మనం సూక్ష్మజీవులనే తింటాము. ప్రిబయోటిక్ లోపల ఉన్నవాటికి పెట్టే మేత.

బియ్యం విషయమూ ఇంతే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మూలం 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై ప్రారంభమైన పరిశోధన. తవుడుతో పాటు బి1 విటమిన్‌ను పోగొట్టుకున్న పాలిష్ బియ్యమే ప్రధాన ఆహారమైన చోట ఆ వ్యాధి ప్రబలేది. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అది మన పొరుగునే ఉన్నా, మన పళ్లెంలో అన్నం మాత్రం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలని కోరుకుంటున్నాము!

కొన్ని జాగ్రత్తలు అవసరం. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. కనుక మొదట రెండోసారి జల్లించడం మానండి, తర్వాత జల్లెడనే పక్కన పెట్టండి. నీరు ఎక్కువగా త్రాగండి. మిల్లు తవుడును తెచ్చి తినరాదు. అది త్వరగా ముక్కిపోతుంది. ఊక అసలే తినదగినది కాదు. ప్రేగు వ్యాధులు ఉన్నవారు, గోధుమ పడనివారు వైద్యుని సలహా లేనిదే ఏ మార్పూ చేయరాదు.

ఆ తల్లికి ఇదంతా చెప్పి పంపాక మా మదర్సా వంటగదిలోకి తొంగిచూశాము. అక్కడా మైదా రొట్టెలే! పరుల ఇంటి జల్లెడను ప్రశ్నించిన మేము మా పొయ్యిని చూసుకోలేదు. మరునాటి నుండి పొట్టు తీయని పిండి తెప్పించాము. మొదటి రోజు పిల్లలు ముఖం చిట్లించారు. వారం గడిచేసరికి అడగడం మానేశారు.

తినండి, త్రాగండి, దుబారా చేయకండి అన్న దైవాజ్ఞ అల్ అఆరాఫ్ సూరాలో ఉంది. దుబారా అనగానే మనకు పెళ్లి విందులే గుర్తుకు వస్తాయి. జల్లెడలో మిగిలిన పిడికెడు పొట్టు కూడా ఆయన అనుగ్రహమే. దానిని గుర్తించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.