మందు లేదంటే దారి లేదని కాదు

రేచీకటి అన్న మాట వినగానే మనకు రెండే గుర్తుకొస్తాయి. ఒకటి, క్యారట్టూ పొన్నగంటికూరా. రెండోది, సినిమాలో చీకటి పడగానే స్తంభాన్ని మనిషనుకుని పలకరించే హాస్యపాత్ర. ఈ రెండింటికీ లొంగని రేచీకటి మరొకటున్నది. దాని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. వైద్యులు క్లుప్తంగా ఆర్.పి. అంటారు. ఈ టపా ఆ వ్యాధి గురించి కొంత. ఆ పేరొకటి చెప్పి కుటుంబాలను ఇంటికి పంపించివేసే మన అలవాటు గురించి ఎక్కువ.

ప్రపంచం మొత్తం మీద సుమారు 4000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. ఇది జన్యువుల్లోని లోపం. మసకవెలుతురులో చూపునిచ్చే రెటీనా కణాలు ముందుగా నశిస్తాయి, అందుచేత మొదట పోయేది రాత్రి చూపు. తరువాత చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. కొన్నేళ్ళకు గొట్టంలోంచి చూస్తున్నట్టు నడుమ కాస్తంత మేర మిగులుతుంది. ఆ కాస్తలో మాత్రం చూపు చాలాకాలం స్పష్టంగానే ఉండవచ్చు. లోకం మోసపోయేది ఇక్కడే. దినపత్రికలో చిన్న అక్షరాలు చదివిన మనిషే గుమ్మం పక్కనున్న బిందెను తన్నుకుని పడతాడు. చూసినవారు "కళ్ళు నెత్తికెక్కాయా?" అంటారు.

మా సామర్లకోటలో నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటున్నది. వారి అబ్బాయి పొద్దుగూకితే కాలువగట్టు మీద సైకిలు తొక్కననేవాడు. పిరికివాడన్నారు, బద్ధకస్తుడన్నారు. పద్నాలుగో ఏట ఒక ఆసుపత్రిలో రోగం పేరు తెలిసింది. అక్కడి వైద్యుడు "దీనికి మందు లేదమ్మా, డబ్బు తగలేసుకుని ఊళ్ళు తిరగకండి" అని చెప్పి పంపించాడు. ఆ మాటలో మోసం లేదు, దయ కూడా ఉన్నదేమో. కాని ఆ తల్లి "మరి వీడి చదువెలాగండీ?" అని అడిగితే జవాబు లేదు. తరువాతి రోగిని పిలిచారు. నా తగాదా ఆ జవాబు లేకపోవడంతోనే.

"మందు లేదు" అన్నది చాలావరకు నిజం. "చెయ్యగలిగింది లేదు" అన్నది పచ్చి అబద్ధం. మన ఆసుపత్రులు మొదటి మాట పలికి రెండోది వినిపిస్తున్నాయి.

ముందు వైద్యం సంగతే చూడండి. ఆర్.పి. ఉన్నవారికి చిన్నవయసులోనే శుక్లం రావచ్చు. దానికి ఆపరేషన్ ఉన్నది. రెటీనా నడిమి భాగంలో నీరు చేరవచ్చు, దానికి మందులున్నాయి. కొందరిలో ఈ వ్యాధి చెవుడుతో కలిసి వస్తుంది, దాన్ని అషర్ సిండ్రోమ్ అంటారు. కనుక వినికిడి పరీక్ష కూడా చేయించాలి. "ఇంక తిరగకండి" అన్న సలహా విన్న కుటుంబం ఈ మూడింటికీ దూరమైపోతుంది. బాగుచేయదగిన శుక్లాన్ని కూడా తలరాత అనుకుని ఊరుకుంటుంది.

తరువాత చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. అందులో అంధత్వాన్ని అక్షరాల పలకతో మాత్రమే కొలవలేదు. మెరుగైన కంటితో ఎంత స్పష్టంగా చూసినా సరే, చూపు మేర 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోతే అది అంధత్వమే. 10 నుంచి 40 డిగ్రీల లోపు ఉంటే అల్పదృష్టి. ఆర్.పి. కుటుంబాలకు ఆ చట్టంలో ఇంతకంటే విలువైన వాక్యం లేదు. కాని ఎంతమందికి తెలుసు? సదరం శిబిరానికి వెళ్ళినవాడు పలక మీద అడుగు వరుస దాకా చదివేస్తే "నీకు చూపు బాగానే ఉన్నదిగా" అన్న మాట విని తిరిగివస్తాడు. ఫీల్డ్ టెస్ట్ చేయమని అడగాలని వాడికెవరూ చెప్పలేదు. వైకల్యం 40 శాతమని ధ్రువపత్రం వస్తే 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతంలో అంధులకూ అల్పదృష్టి వారికీ 1 శాతం వాటా. పరీక్షలో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం కూడా ఈ కాగితంతో అడగవచ్చు. మన రాష్ట్రంలో 2024లో వికలాంగుల పింఛను నెలకు 6000 రూపాయలకు పెరిగింది. ఇదంతా ఆ వైద్యుడు చీటీ వెనుక నాలుగు వాక్యాలుగా రాసి ఇవ్వగలిగేదే.

మూడోది జన్యువుల మాట. ఇక్కడ మన ఇళ్ళలోని అన్యాయం బయటపడుతుంది. బిడ్డకు చూపు తగ్గితే మొదటి వేలు తల్లివైపు చూపిస్తుంది, "మీ పుట్టింటి రోగం" అని. మేనరికాలు ఎక్కువగా జరిగే ప్రాంతం మనది. ఈ వ్యాధిలో ఒక రకానికి తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలవాలి. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. నింద వెయ్యాలంటే సమంగా వెయ్యాలి, వెయ్యకపోతే మరీ మంచిది. ఇంకో రకంలో లోపం తల్లి ద్వారానే కొడుకులకు వస్తుంది. దానికీ ఆమె చేసిన తప్పంటూ ఏమీ లేదు. బయటి సంబంధాలు చేసుకున్న ఇళ్ళలోనూ ఈ వ్యాధి ఉన్నది. ఏ రకమో తెలియాలంటే జన్యుపరీక్ష కావాలి. కారణం కాగల జన్యువులు 80కి పైగా ఉన్నాయి. వాటిలో ఆర్‌పీఈ65 అనే ఒక్కదానికి 2017 డిసెంబరులో అమెరికాలో లక్స్‌టర్నా అనే జన్యుచికిత్స అనుమతి పొందింది. రెండు కళ్ళకూ కలిపి ధర 8,50,000 డాలర్లన్నారు. మనకు అందదు, ఒప్పుకుంటాను. కాని రేపు మరొక జన్యువుకు మందు వచ్చిననాడు తన జన్యువేదో తెలియనివాడు వరుసలో నిలబడనైనా లేడు.

"హైదరాబాదులో అన్నీ ఉన్నాయి కదా" అనేవారున్నారు. ఉన్నాయి. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో అల్పదృష్టికీ పునరావాసానికీ విభాగాలున్నాయి. ఆ సంస్థ 2006లో విశాఖకూ, 2011లో విజయవాడకూ వచ్చింది. మా ఊరు జంక్షనే, రైళ్ళకు కొదవ లేదు. అయితే గౌతమి రాత్రి బండి. రాత్రి చూపు లేనివాడు ఆ బండెక్కి, తెల్లవారకముందే నిద్ర లేచి బాత్రూము వెతుక్కుని, పెద్ద నగరంలో దిగాలంటే వెంట ఒక మనిషి కావాలి. ఆ మనిషికి రెండు రోజుల కూలి పోతుంది. ఉన్నదని చెప్పడం వేరు, అందడం వేరు. తెల్లకర్రతో నడవడం, మిగిలిన చూపుతో చదవడం నేర్పే మనిషి ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒకరుండాలి. అది గొంతెమ్మ కోరిక కాదు.

చెప్పేవారు లేనిచోట అమ్మేవారు వస్తారు. 1990లలో అనేక దేశాల ఆర్.పి. రోగులు క్యూబాకు వెళ్ళి, ఆపరేషనూ ఓజోను ఎక్కించిన రక్తమూ విద్యుత్ ప్రేరణా కొనుక్కున్నారు. అలా చేయించుకున్నవారిని అమెరికా వైద్యులు పరీక్షించి, మేలు కనబడలేదని 1996లో ప్రచురించారు. వెళ్ళినవారు మూర్ఖులు కారు. వారి వైద్యుడు మాట ముగించినచోట క్యూబా మాట మొదలుపెట్టింది. మన ఊళ్ళలో మూలకణాల ఇంజక్షన్లూ పసర్లూ చేసే పని కూడా అదే. మోసగాళ్ళను తిట్టడం సులభం, ఆ ఖాళీని మనం నింపకపోవడాన్ని తిట్టుకోవడం కష్టం.

కుటుంబాలు కూడా దాచుకుంటాయి, నిజమే. ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుందని, అబ్బాయికి ఉద్యోగం రాదని. కాని బయటపెడితే ఒరిగేదేమిటో ఎవరూ చూపించనప్పుడు దాచుకోవడాన్ని తప్పు పట్టే హక్కు మనకెక్కడిది? మొదటి ధ్రువపత్రం వచ్చిననాడు రెండో కుటుంబం తలుపు తీస్తుంది.

చివరగా, తెలుగులో రాసే మిత్రులకు ఒక మాట. 2006లో మొదలైన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాధనం మన యూనికోడ్ తెలుగును పైకి చదివి వినిపిస్తుంది. బొమ్మగా పెట్టిన కరపత్రాన్ని అలా చదవలేదు. చూపు మేర గురించిన ఆ చట్టవాక్యం, ఫీల్డ్ టెస్ట్ అడిగే పద్ధతి, దగ్గరి అల్పదృష్టి కేంద్రం వివరం, ఈ మూడూ శుభ్రమైన తెలుగులో, అక్షరాలుగా, మన పుటల్లో ఉండాలి. మీ జిల్లా సంగతి మీకు తెలుసు, మీరు రాయండి. మా జిల్లా సంగతి నేను సేకరిస్తున్నాను. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు బాకీ ఉన్నది.